భద్రాచలం దాకా పట్టాలు

కొత్తగూడెంలో ఉన్న రైల్వే స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయన ఒక్కసారి కూడా ఆ స్టేషన్‌లో మూటాముల్లెతో దిగి ఉండడు. రాముడి దర్శనానికని తెల్లారే రైలు దిగిన యాత్రికులు "గుడి ఎటువైపండీ?" అని అడగడం, ఆటోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకోవడం, గుడి గోదావరికి అవతల ఉందనీ బస్సెక్కి గంటకు పైగా పోవాలనీ తెలిసి ఆ వచ్చినవాళ్ళు ఉసూరుమనడం మధులత చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. వాళ్ళ ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. వాళ్ళమ్మ అనంతమ్మకైతే ఆ బోర్డు కనబడితే చాలు, "పేరు గొప్ప ఊరు దిబ్బ" అని ఒక మాట అనకుండా ముందుకు కదలదు.

పట్టాలు గోదావరి దాటుతాయన్న కబురు అప్పుడప్పుడూ ఊళ్ళోకి వస్తుంది, నాలుగు రోజులు తిరుగుతుంది, పోతుంది. ఇట్లా కబుర్లు నమ్ముకుంటే లాభం లేదని మధులత తానే వేసేసింది. కంప్యూటర్‌లో లెండి.

అదొక ఆట. అందులో లోకమంతా చదరపు బ్లాకులే. మట్టి బ్లాకు, రాతి బ్లాకు, నీటి బ్లాకు. గెలవడం ఓడడం అన్న గొడవ లేదు. తవ్వుకోవాలి, కట్టుకోవాలి, అంతే. పదిమంది ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని ఒకే లోకంలో తిరగవచ్చు. మధులత పగలంతా బస్టాండు దగ్గరి ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. ఎవరెవరి పెళ్ళిళ్ళకో పూలు దిద్ది, మొహాలు తెల్లబరిచి, విసుగెత్తి ఇంటికి వచ్చాక ఈ లోకంలోకి దూరుతుంది. అక్కడ ఒక పెద్ద నది దొరికింది. దానికి గోదావరి అని పేరు పెట్టారు. నదికి ఇవతల కొత్తగూడెం, అవతల భద్రాచలం అనుకున్నారు. నది ఉందంటే, రెండు పక్కలా ఊళ్ళున్నాయంటే, ఇక మధులత చేతులు ఊరుకుంటాయా?

పట్టాలకు ఇనుము కావాలి. ఇనుము కోసం భూమి తవ్వాలి. బొగ్గుబావిలో పనిచేసే వాళ్ళ నాన్న సాంబమూర్తి ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, కూతురు భుజం మీదుగా స్క్రీన్ చూసి, "నేను బావిల తవ్వి వస్తే నువ్వు ఇంట్ల తవ్వుతున్నవా?" అని నవ్వాడు. ఆ ఆటలో రైలుపెట్టె అంటే ఒక్క మనిషి పట్టే చిన్న ఇనుప తొట్టి. దాన్ని చూసి ఆయన, "ఇదేం రైలే? ఇది మా బావిల టబ్బు!" అన్నాడు. బావిలో బొగ్గు మోసే తొట్టిని వాళ్ళు టబ్బనే అంటారు మరి. ఆ రోజు నుంచి అందరికీ అది టబ్బే.

పాల్వంచ దగ్గర ఒక స్టేషన్ కట్టింది. సారపాక దగ్గర ఇంకొకటి. ఆ తర్వాత వంతెన. వంతెన స్తంభాల మీద ఎర్ర రంగుతో మూడు గీతలు గీసింది. మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది. ఆ ఆటలో నది పొంగదు, వాన పడినా చుక్క పెరగదు. అయినా గోదావరి మీద వంతెన కట్టి మూడో హెచ్చరికకు పైన పట్టాలు వేయకపోతే మనసొప్పలేదు. వంతెన పూర్తయ్యాక అమ్మను పిలిచి చూపించింది. అనంతమ్మ మెచ్చుకోలేదు.

"పక్కల ఆసరా ఏదే? పిల్లలు గిట్ల తొంగిచూస్తే పడరా?"

"అందుల పిల్లలు ఉండరే అమ్మా!"

"ఎప్పుడన్న రారా ఏంది?"

మధులత రెండు పక్కలా ఎత్తుగా ఇనుప గ్రిల్లు బిగించింది. ఒకే లైను కాబట్టి టబ్బులు గుద్దుకోకుండా వంతెన నట్టనడుమ పట్టాల మధ్య ఒక పలక పెట్టింది. ఆ పలక మీద బరువు పడితే వెనకున్న పట్టాలకు కరెంటు ఆగుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. బరువు దాటిపోగానే కరెంటు వస్తుంది, వెనక టబ్బు కదులుతుంది. ఖాళీ టబ్బులతో ఎన్నిసార్లు నడిపి చూసిందో లెక్కలేదు. ఒక్కసారి కూడా మొరాయించలేదు.

అంతా కుదిరింది కదా అనుకునేసరికి నాగచైతన్య అడ్డం తగిలాడు.

నాగచైతన్యది తల్లాడ. ముత్తాతలు రాజమండ్రి వైపు నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. ఇప్పుడు ఎరువుల కొట్టు కూడా ఉంది. మధులత, చైతన్య, చర్లలో నర్సుగా చేస్తున్న రాజ్యశ్రీ ముగ్గురూ ఖమ్మంలో ఇంటర్ కలిసి చదివారు. ఈ ఆట లోకమంతా నడిచేది చైతన్య కొట్లోని కంప్యూటర్ మీద. అంటే ఆ లోకానికి బ్రహ్మ అతనే. బ్రహ్మకు ఒళ్ళు బద్ధకం.

"ఒక్క కమాండ్ కొడితే చిటికెలో భద్రాచలంలో ఉంటాం మధూ. ఇంక రైలెవరికి?" అన్నాడు గ్రూప్ కాల్‌లో. "నీ పట్టాలు, దీపాలు, స్విచ్చులు కలిసి మా కంప్యూటర్‌ని తినేస్తున్నాయి. యూరియా బిల్లు కొట్టాలంటే అది లేవట్లేదు. మా నాన్న నన్ను కొట్టేలా ఉన్నాడు. మొత్తం తీసేస్తా."

మధులత మౌస్ వదిలేసింది. "తీసేస్తవా? ఎన్ని ఆదివారాలు పోసి కట్టిన్నో ఎర్కేనా నీకు?"

"ఎక్కేవాడు లేని రైలు ఎన్నాళ్ళు కడితే ఏంటి?"

"ఎక్కి చూడు! అప్పుడు మాట్లాడు!"

రాజ్యశ్రీ మధ్యలో దూరింది. "అవ్, ఎక్కి చూడాలె. చూడకుండ తీసేస్తే గది అన్యాయం."

చైతన్య కాసేపు గొణిగి చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు గాని, ఆసామి బుద్ధి ఎక్కడికి పోతుంది, మెలిక పెట్టనే పెట్టాడు. ఆదివారం అందరూ ఎక్కుతారు. కొత్తగూడెంలో కదిలితే భద్రాచలం దాకా ఎక్కడా ఆగకూడదు. అందరూ చేరితే పట్టాలు ఉంటాయి. ఒక్క టబ్బు ఆగినా సరే, ఆ సాయంత్రమే మొత్తం చెరిపేస్తాడు. మళ్ళీ కాళ్ళావేళ్ళా పడకూడదు.

"సరే," అంది మధులత. అనేసింది గాని ఆ వారమంతా పెళ్ళికూతుళ్ళ ఫొటోల్లో కూడా ఆమెకు పట్టాలే కనబడ్డాయి.

ఆదివారం వచ్చింది. అనంతమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, పులిహోర చేసి డబ్బాలో పెట్టి తయారైంది. ఎక్కడికమ్మా అంటే, "భద్రాచలం బోతున్నం గదనే?" అని ఎదురు అడిగింది. ఫోన్ ముందు కూర్చోవడానికి ఇస్త్రీ చీరెందుకని సాంబమూర్తి అనబోయి, భార్య చూపు చూసి మానుకున్నాడు. ఆయన ఫోన్‌లో ఆట ఎక్కించి ఆమెకు ఇచ్చారు. ఏ బొత్తం నొక్కితే ఏమవుతుందో ఆయన పక్కన కూర్చుని చెప్పాలి. చర్లలో రాజ్యశ్రీ డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడింది. సిగ్నల్ దొరికే చోటు అదొక్కటే.

మొదటి టబ్బులో తీర్పు చెప్పేవాడు, అంటే చైతన్య. రెండో టబ్బులో రాజ్యశ్రీ. మూడో టబ్బులో అనంతమ్మ. గార్డులాగా చివరి టబ్బులో మధులత.

"పోదమా?" అంది మధులత.

"పోనీ బిడ్డా! జై శ్రీరామ్!" అంది అనంతమ్మ.

మధులత మీట నొక్కింది. టబ్బులు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. చక్రాల చప్పుడు నాలుగు స్పీకర్లలో ఒకేసారి మోగింది. స్టేషన్ వెనక్కి పోయింది, చెట్లు వెనక్కి పోయాయి. "అమ్మో, గింత జోరా!" అని అనంతమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది. పాల్వంచ వచ్చింది, దీపాలు పచ్చగా వెలిగాయి, దూసుకుపోయారు. చైతన్య మొదట్లో "సీటు మెత్తగా లేదు, టీ ఎవరూ తేవట్లేదు" అని వెక్కిరించాడు. అడవిలోకి వచ్చాక "ఈ టేకు చెట్లు నువ్వే నాటావా?" అని అడిగాడు. ఆ తర్వాత వెక్కిరింతలు తగ్గాయి. మధులత మాత్రం ఒక్క చెట్టు కూడా చూడలేదు. ఆమె కళ్ళు దీపాల మీదే. పచ్చ, పచ్చ, మళ్ళీ పచ్చ. సారపాక దాటింది.

"గోదారి! గోదారి వచ్చింది!" అని రాజ్యశ్రీ డాబా మీద నుంచి అరిచింది. చర్లలో ఆ అరుపు విని ఎవరేమనుకున్నారో దేవుడికే తెలియాలి.

చెట్లు ఒక్కసారిగా తప్పుకున్నాయి. ఎదురుగా నీళ్ళు. ఇటు చివర నుంచి అటు చివర దాకా నీళ్ళు, వాటి మీద ఆటలోని సాయంకాలపు ఎండ. దూరంగా అవతలి గట్టున గుడి గోపురం. చైతన్య టబ్బు వంతెన ఎక్కింది. నట్టనడుమ పలక మీదికి ఎక్కింది, ఎర్ర దీపం వెలిగింది. అది వెలగాల్సిందే. చైతన్య టబ్బు అవతలి గట్టు చేరింది.

"వచ్చేశా," అన్నాడు నెమ్మదిగా. "భద్రాచలం వచ్చేశా."

మధులతకు కేక పెట్టాలనిపించింది. కాని ఎర్ర దీపం ఆరలేదు. వంతెన ఎక్కి నీళ్ళ మీదికి వచ్చిన రాజ్యశ్రీ టబ్బు నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. దాని వెనక అనంతమ్మ టబ్బు వచ్చి ఆగింది. చివరికి మధులతదీ ఆగింది.

మధులత ఎర్ర దీపం వంకే చూసింది.

"రాజీ, నీ నెట్‌వర్క్ పోయిందా?" అంది మధులత ఆశగా.

"ఏ, చర్ల అనంగనే నెట్‌వర్క్ మీద పడతరేందే? మంచిగనే ఉన్నది! కింద నీళ్ళు గూడ కదులుతున్నయ్, చూస్తున్న!"

"ఏమైందే? రామయ్య రమ్మంటలేడా?" అంది అనంతమ్మ.

"ఆగింది కదా మధూ," అన్నాడు చైతన్య. ఆ గొంతులో గెలిచినవాడి హుషారు లేదు గాని, మధులతకు అదేం పట్టలేదు. ఆగింది అన్న ఒక్క మాటే వినబడింది. ఇన్ని నెలలుగా మోసిన ఇనుము, అర్ధాకలితో కూర్చుని కట్టిన స్తంభాలు, సరిచేసి సరిచేసి పెట్టిన దీపాలు, అన్నీ ఈ సాయంత్రానికి ఉండవు. ఎన్నిసార్లు నడిపినా ఆగనిది ఇవాళే ఆగాలా? టబ్బు దిగింది. వంతెన మీద పట్టాల వెంబడి పరుగెత్తింది. అమ్మ టబ్బు దాటింది, రాజ్యశ్రీ టబ్బు దాటింది. పట్టాలన్నీ చల్లబడి ఉన్నాయి, ఎక్కడా కరెంటు లేదు. నడుమకు వచ్చి పలక చూసింది.

పలక కిందికి నొక్కుకుని ఉంది. దాని మీద ఒక బంగారు బిళ్ళ మెరుస్తోంది.

ఆ లోకంలో బంగారం ఊరికే దొరకదు. రాలిపడేది అసలే కాదు. ఎవరో చేతిలోంచి వదిలితేనే పడుతుంది. మధులతకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చైతన్యా!" అని అరిచింది. ఇంట్లో సాంబమూర్తి ఉలిక్కిపడ్డాడు. "నువ్వేనా? పలక మీద బంగారం పెట్టి పోతవా? ముందు పోయింది నువ్వొక్కడివే! ఓడగొట్టాల్నంటె ముందే తీసెయ్యకపోయినవ్? మా అమ్మను గూడ ఎక్కించి, నడి గోదాట్ల నిలబెట్టి గిట్ల మోసం చేస్తవా?"

కొట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

"మధూ, మోసం కాదు," అన్నాడు చైతన్య చివరికి. "అది నాదే. కాని అక్కడ పెట్టలేదు. నీళ్ళల్లోకి విసిరా."

"నీళ్ళల్లకా? ఎందుకు?"

"గోదారి కదా..." అని ఆగాడు. సిగ్గు గొంతులోనే తెలిసిపోతోంది. "చిన్నప్పుడు రాజమండ్రి పోయేటప్పుడు వంతెన వస్తోందంటే మా నాయనమ్మ చేతిలో బిళ్ళ పెట్టేది. దణ్ణం పెట్టుకుని వెయ్యరా అనేది. ఇందాక నీళ్ళు కనపడేసరికి చెయ్యి ఊరుకోలేదు. నిజంగా ఆలోచించలేదు మధూ, చెయ్యి దానంతటదే పోయింది. గ్రిల్లుకి తగిలి లోపలికి పడ్డట్టుంది. నేను చూసుకోలేదు."

రాజ్యశ్రీ నవ్వు మొదలుపెట్టింది. మొదలుపెట్టినది ఆపలేదు. "ఓర్నీ! నా చేతిల గూడ ఉన్నదిరా! నీళ్ళు రాంగనే తీసి పట్టుకున్న. నడుమకు పోయినంక వేద్దామని చూస్తున్న, గింతల ఆగింది!"

మధులత తిరిగి అమ్మ టబ్బు వైపు చూసింది. ఆటలోని ఆ చదరపు బొమ్మ చేతిలో కూడా ఏదో మెరుస్తోంది. పక్కన కుర్చీలో అసలు అనంతమ్మ, ఏ తప్పూ చేయని దానిలాగా మొహం పెట్టింది.

"మీ నాయిన్నడిగి నీ ఆట బంగారంలకెళ్ళి ఒకటి తీసిపిచ్చుకున్న," అంది. "గోదారమ్మ మీదికెళ్ళి వట్టి చేతుల్తోని పోతరా ఎవరన్న?"

సాంబమూర్తి గోడ మీద క్యాలెండర్ చూడసాగాడు.

అందరూ నవ్వుతున్నారు. మధులతకు మాత్రం నవ్వు రాలేదు. తన పట్టాల్లో తప్పు లేదు, సంతోషమే. ఖాళీ టబ్బులతో నడిపినన్నాళ్ళు ఈ చిక్కు బయటపడనే పడదు. ఖాళీ టబ్బు దణ్ణం పెట్టదు కదా! కాని టబ్బులు ఆగిన మాట నిజం, తాను సరే అన్న మాటా నిజం. కాళ్ళావేళ్ళా పడే రకం కాదామె.

"మాట మాటే," అంది. "ఆగింది గదా. తీసెయ్ చైతన్యా."

నవ్వులు ఆగిపోయాయి. అనంతమ్మ ఒక్కతే తన ధోరణిలో ఫోన్ మూతి దగ్గర పెట్టుకుంది.

"అది సరే గని, బిడ్డా చైతన్యా, బిళ్ళ వేసినప్పుడు ఏం మొక్కుకున్నవ్?"

"ఏం లేదులే ఆంటీ."

"ఏం మొక్కకుండ ఎవరన్న వేస్తరా? చెప్పు."

"చెప్తే ఫలించదంటారు."

"ఇంక ఫలించేదేమున్నది నాయినా, గది పలక మీదనే పడ్డది గద!"

కొట్లో ఎవరో వచ్చి ఏదో అడిగారు. ఒక్క నిమిషం ఆగమన్నాడు చైతన్య. తర్వాత చాలా నెమ్మదిగా, కాల్‌లో ఉన్నవాళ్ళకు మాత్రమే వినబడేలా చెప్పాడు.

"బండి ఎక్కడా ఆగకుండా భద్రాచలం చేరాలని మొక్కుకున్నా ఆంటీ."

మధులత పలక మీది బిళ్ళ వంక చూసింది. తన పట్టాలు చెరిపేస్తానన్నవాడు, తన పట్టాల మీద కూర్చుని, తన రైలు కోసం గోదావరికి మొక్కుకున్నాడు. ఆ మొక్కే బండిని ఆపింది. ముందు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటి వెనకే నవ్వు తన్నుకొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వింది. చర్ల డాబా మీద రాజ్యశ్రీ, కుర్చీలో అనంతమ్మ, ఆమె పక్కన సాంబమూర్తి, ఆఖరికి తల్లాడ ఎరువుల కొట్లో చైతన్య, అందరూ ఒకరి నవ్వు విని ఒకరు నవ్వారు.

నవ్వు తగ్గాక మధులత పలక మీది బిళ్ళ తీసింది. పలక పైకి లేచింది. ఎర్ర దీపం ఆరిపోయి, పట్టాల పొడవునా కరెంటు వరసగా పాకుతూ వచ్చింది. రాజ్యశ్రీ టబ్బు కుదుపుతో కదిలింది.

"ఆగు, ఆగు! ఇప్పుడే వెయ్యకు!" అని అరిచింది మధులత.

"ఎందుకే? నడుమకు వస్తున్న!"

"మళ్ళ పలక మీద పడుతది!"

"పట్టాలు తీసేదేం లేదు మధూ," అన్నాడు చైతన్య అవతలి గట్టు నుంచి. "మా నాన్నకి ఏదో ఒకటి చెప్పుకుంటా. నువ్వు ముందు ఆ గ్రిల్లు తియ్యి. ఆంటీ వస్తున్నారు."